అలర్జీ ప్రశ్నకు అందరూ 'లేదు' అనే రాశారు

పోయినసారి మా బడికి టీడీ టీకా వేయడానికి ఆరోగ్య సిబ్బంది వచ్చారు. ముందురోజే పిల్లల చేతికి అంగీకార పత్రాలిచ్చి ఇళ్లకు పంపాం. పత్రం తమిళంలో ఉంది. పేరు, వయసు, తండ్రి పేరు అయ్యాక ఒక ప్రశ్న: మీ బిడ్డకు ఇంతకు ముందు ఏ మందైనా, సూదైనా, తిండైనా పడక ఇబ్బంది వచ్చిందా? మర్నాడు నలభై ఒక్క పత్రాలు తిరిగొచ్చాయి. అన్నింటిలోనూ 'లేదు' అనే ఉంది. దగ్గరగా చూస్తే ఏడు పత్రాల మీద ఒకే చేతిరాత. తమిళం చక్కగా రాసే పిల్ల ఒకతె బస్సులో కూర్చుని తోటివాళ్లవన్నీ నింపేసింది. ఇళ్లలో పెద్దవాళ్లు కింద సంతకం పెట్టారు, కొందరు వేలిముద్ర వేశారు. మేమూ లెక్క సరిచూసుకుని కట్ట కట్టి పెట్టాం. లోపల ఏం రాశారో చదవలేదు. ఏడు పత్రాల సంగతి కూడా మేం గమనించింది తర్వాతే.

టీకా వేసే నర్సమ్మ మాత్రం పత్రాలను నమ్ముకోలేదు. వరుసలో ఉన్న ప్రతి పిల్లనూ, పిల్లవాణ్నీ తనకొచ్చిన ముక్కల తెలుగులోనే అడిగింది, "ముందు ఎప్పుడైనా సూది పడలేదా?" అని. ఐదో తరగతి పిల్లాడొకడు, "చిన్నప్పుడు సూదేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక ఆస్పత్రిలో పెట్టినారంట" అన్నాడు. ఆమె వాణ్ని పక్కన కూర్చోబెట్టింది. మేం తల్లికి ఫోన్ చేశాం. ఆమె పాత ఆస్పత్రి చీటీ వెతికి తెచ్చింది. అప్పుడు పడనిది జ్వరానికి వేసిన యాంటీబయాటిక్ సూది. టీడీ టీకాలో ఆ మందు లేదు. వారం తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఎదుట పిల్లాడికి టీకా వేసి, గంటసేపు కూర్చోబెట్టారు. ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. కానీ ఉపాధ్యాయులుగా మాకు ఆ 'లేదు'లు గుర్తుండిపోయాయి. టీకా వల్ల పిల్లలకు తీవ్రమైన అలర్జీ రావడం చాలా అరుదు. వచ్చినా సకాలంలో వైద్యం అందితే దాదాపు ఎప్పుడూ తగ్గిపోతుంది. ఈ భద్రత అంతా ఒక ప్రశ్న అడగడం మీద, దానికి నిజమైన జవాబు రావడం మీద ఆధారపడి ఉంది. ఆ ప్రశ్న మన ఇళ్లకు మనం చదవలేని భాషలో వస్తోంది. కర్ణాటకలో కన్నడంలో, తమిళనాడులో తమిళంలో, ఒడిశాలో ఒడియాలో, మహారాష్ట్రలో మరాఠీలో. మన బడులు పట్టించుకోవాల్సిన చోటు ఇదే.

ఎంత అరుదు?

తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది. అమెరికాలో 2009 నుంచి 2011 వరకు వేసిన 2 కోట్ల 50 లక్షలకు పైగా టీకా డోసులను పరిశోధకులు పరిశీలించారు. టీకా వల్లనే తీవ్ర అలర్జీ వచ్చిందని తేలిన కేసులు 33. అంటే పది లక్షల డోసులకు ఒకటికి కాస్త ఎక్కువ. ఆ 33 మందిలో ఒక్కరూ చనిపోలేదు. ఈ తీవ్ర అలర్జీనే వైద్యులు అనాఫిలాక్సిస్ అంటారు.

మరోవైపు తట్టు సోకితే ఏమవుతుందో చూడండి. తట్టు వచ్చిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు ఒకరికి మెదడువాపు వస్తుంది. 2022 చివర్లో ముంబైలో, ముఖ్యంగా గోవండి ప్రాంతంలో, తట్టు ప్రబలి పిల్లలు చనిపోయారు. పది లక్షల్లో ఒకటి, వెయ్యిలో ఒకటి. ఈ రెండు అంకెల మధ్య తేడాను ఐదో తరగతి పిల్లలే లెక్క కట్టగలరు. అయితే అరుదైనదంటే అసలు లేనిదని అర్థం కాదు. మన దేశంలోనే కోవిడ్ టీకా తర్వాత అనాఫిలాక్సిస్‌తో 68 ఏళ్ల వ్యక్తి ఒకరు మరణించారని కేంద్రం నియమించిన నిపుణుల సంఘం 2021లో ఒప్పుకుంది. దాచకుండా చెప్పడమే మంచిది. దాచితే నిజం కన్నా పుకారే ముందు ఇంటికి చేరుతుంది.

ఏది అలర్జీ, ఏది కాదు?

టీకా వేశాక పిల్లల్లో కనిపించే ప్రతి మార్పునూ మన ఇళ్లలో 'పడలేదు' అనే ఒక్క మాటతో చెబుతాం. అందులో కనీసం మూడు వేరు వేరు సంగతులు కలిసిపోతాయి.

మొదటిది మామూలు స్పందన. సూది పడ్డచోట ఎరుపు, వాపు, నొప్పి, ఒకటి రెండు రోజుల జ్వరం. శరీరం టీకాను గుర్తించి పని మొదలుపెట్టిందని దీని అర్థం. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా తర్వాత వారం పది రోజులకు కొందరికి జ్వరం, సన్నని పొక్కులు రావచ్చు. అదీ అలర్జీ కాదు.

రెండోది భయంతో సొమ్మసిల్లడం. సూదిని చూడగానే, లేదా వేసిన క్షణాల్లోనే పిల్ల పాలిపోయి, చల్లటి చెమట పట్టి, కళ్లు తిరిగి కూలబడుతుంది. నాడి నెమ్మదిగా కొట్టుకుంటుంది. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తిపెడితే నిమిషాల్లో తేరుకుంటుంది. బడుల్లో మనకు ఎక్కువగా కనిపించేది ఇదే, అదీ పదేళ్లు దాటిన పిల్లల్లో.

మూడోది అసలైన తీవ్ర అలర్జీ. సాధారణంగా టీకా వేసిన కొన్ని నిమిషాల తర్వాత మొదలవుతుంది. ఒళ్లంతా దురద, దద్దుర్లు. పెదవులు, కనురెప్పలు, నాలుక వాచడం. గొంతు బొంగురుపోవడం, దగ్గు, పిల్లికూతల్లాంటి ఊపిరి. వాంతులు, కడుపునొప్పి. నాడి వేగంగా, బలహీనంగా కొట్టుకోవడం. వీటిలో ఒకటికి మించి కలిసి కనిపించినా, ఊపిరి ఇబ్బంది ఒక్కటే ఉన్నా ఆలస్యం చేయకూడదు.

సొమ్మసిల్లిన పిల్ల పడుకోబెడితే తేరుకుంటుంది. అలర్జీ వచ్చిన పిల్ల పడుకోబెట్టినా తేరుకోదు. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే ఉపాధ్యాయులకు చాలు, మిగతాది ఆరోగ్య సిబ్బంది చూసుకుంటారు.

టీకాలో పడనిది ఏముంటుంది?

చాలామంది టీకాలోని క్రిమి వల్లనే అలర్జీ వస్తుందనుకుంటారు. ఎక్కువసార్లు కారణం టీకా చెడిపోకుండా కలిపే పదార్థాల్లోనో, తయారీలో మిగిలిన జాడల్లోనో ఉంటుంది. జపాన్‌లో 1990ల్లో పిల్లలకు టీకాల తర్వాత తీవ్ర అలర్జీలు ఎక్కువగా కనిపించాయి. వెతికితే కారణం జెలటిన్ అని తేలింది. తయారీదారులు దాన్ని తీసేశాక, లేదా మార్చాక, కేసులు బాగా తగ్గిపోయాయి. ఫిర్యాదును విని, నమోదు చేసి, కారణం వెతికితే టీకా ఇంకా భద్రమవుతుందనడానికి ఇది సాక్ష్యం. కొన్ని టీకాల్లో నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ జాడలు ఉంటాయి. హెపటైటిస్ బి టీకా తయారీలో ఈస్ట్ వాడతారు.

గుడ్డు పడని పిల్లల సంగతి మమ్మల్ని తరచూ అడుగుతారు. ఎంఆర్ టీకాలో గుడ్డు మాంసకృత్తులు దాదాపు ఉండవు. అందుకే గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకూ ఈ టీకా వేయవచ్చని వైద్యులు చెబుతున్నారు. రొయ్యలు పడకపోయినా, దుమ్ము పడకపోయినా, ఉబ్బసం ఉన్నా, ఇంట్లో ఎవరికో అలర్జీ ఉన్నా మామూలు టీకాలు ఆపనక్కరలేదు. నిజంగా ఆపి ఆలోచించాల్సింది, అదే టీకా ముందు డోసుకు గానీ, అందులోని పదార్థానికి గానీ తీవ్ర అలర్జీ వచ్చినప్పుడే. అది తేల్చాల్సింది డాక్టరు. డాక్టరుకు చెప్పాల్సింది మాత్రం తల్లిదండ్రులే.

కాబట్టి అలర్జీ ప్రశ్నకు 'ఉంది' అని రాస్తే టీకా వేయరేమోనని గానీ, బిడ్డను వేరుగా చూస్తారేమోనని గానీ భయపడకండి. మా ఐదో తరగతి పిల్లాడికి టీకా ఆగలేదు. వారం ఆలస్యమైంది, అంతే.

అరగంట ఎందుకు?

టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. మన పిల్లలు రెండు నిమిషాలకే ఆటలకు పరిగెత్తుతారు, మేమూ తర్వాతి పీరియడ్ కోసం తొందరపెడతాం. ప్రాణాంతకమైన అలర్జీ ఎక్కువగా మొదటి నిమిషాల్లోనే మొదలవుతుంది. అప్పుడు పిల్ల మన కళ్లముందుండాలి.

అప్పుడు కావలసిన మందు అడ్రినలిన్. తొడ బయటివైపు కండరంలోకి సూదిగా వేస్తారు. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం టీకా వేసే ఏఎన్‌ఎంల దగ్గర ఈ మందు ఉన్న కిట్ ఉండాలి. డాక్టరు వచ్చేదాకా ఆగకుండా మొదటి మోతాదు ఇచ్చేలా వారికి శిక్షణ ఇస్తారు. మన ఊళ్లలో దురద, దద్దుర్లు అనగానే అవిల్ గుర్తొస్తుంది. దద్దుర్లకు అది సాయపడుతుంది గానీ, ఊపిరాడనప్పుడు అడ్రినలిన్ స్థానంలో అది పనికిరాదు. ఈలోగా పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఊపిరి ఇబ్బంది ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టాలి. లేపి నడిపించకూడదు. 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కొందరిలో కొన్ని గంటల తర్వాత లక్షణాలు మళ్లీ వస్తాయి.

పైన చెప్పిన అమెరికా అధ్యయనంలోనూ అందరికీ అరగంటలోపే మొదలవలేదు, కొందరికి గంటల తర్వాత మొదలైంది. అందుకే బడి అరగంట చూసుకుంటే, ఆ రోజు సాయంత్రం దాకా ఇల్లు చూసుకోవాలి. ఆ మాట ఇంటికి చేరాలంటే కాగితం అర్థమయ్యే భాషలో ఉండాలి కదా.

భయం ఎలా పాకుతుంది?

2017 ఫిబ్రవరిలో ఎంఆర్ టీకా ఉద్యమం దేశంలో మొదటగా కర్ణాటక, తమిళనాడు, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీప్‌లలో మొదలైంది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ వేయాలన్నది లక్ష్యం. బడులే శిబిరాలయ్యాయి. అంటే ఇటు మన తమిళనాడు, కర్ణాటక తెలుగు బడులు, అటు పుదుచ్చేరిలో భాగమైన యానాం ఒకేసారి దీనిలోకి వచ్చాయి. తమిళనాడులో వాట్సాప్ పుకార్లు టీకాకన్నా ముందే ఊళ్లు తిరిగాయి. ఎంతోమంది తల్లిదండ్రులు ఆ వారం పిల్లల్ని బడికే పంపలేదు. ప్రభుత్వం గడువు పొడిగించాల్సి వచ్చింది. మాలో కొందరం అప్పుడు ఇంటింటికీ తిరిగాం. మాకు ఎదురైన మాట ఎక్కువగా ఒకటే: "ఆ కాగితంలో ఏముందో మాకేం తెలుసు సార్?"

భయం బడి లోపల ఇంకా వేగంగా పాకుతుంది. 2014లో దక్షిణ అమెరికాలోని కొలంబియాలో, కార్మెన్ దె బొలీవార్ అనే చిన్న పట్టణంలో హెచ్‌పీవీ టీకా తర్వాత కొందరు ఆడపిల్లలు కళ్లు తిరిగి పడ్డారు. వీడియోలు వ్యాపించాక వారి సంఖ్య వందలు దాటింది. టీకాకూ ఆ లక్షణాలకూ సంబంధం లేదని ఆ దేశ ఆరోగ్య అధికారుల పరిశీలనలో తేలింది. కానీ తర్వాతి ఏళ్లలో ఆ దేశంలో ఆ టీకా వేయించుకునేవారి సంఖ్య ఘోరంగా పడిపోయింది. పిల్లలు నటించారని దీని అర్థం కాదు. వాళ్లు నిజంగానే పడ్డారు, కారణం భయం. ఇలాంటి స్పందనలను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు వేరుగా గుర్తిస్తోంది. ఒక పిల్ల పడితే వరుసలో మిగతావాళ్లంతా చూసేలా ఉంచకూడదన్నది మనకు ఇందులోని పాఠం. సూది ఒక గదిలో, విశ్రాంతి మరో గదిలో ఉండాలి.

ఖమ్మం చెప్పిన పాఠం

పుకారును తిట్టి ఊరుకుంటే సరిపోదు. నమ్మకం ఎందుకు పోతుందో తెలియాలంటే తెలుగు నేల మీదే జరిగిన ఒక ఘటన చూడాలి. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఖమ్మంలో సుమారు 14 వేల మందికి వేశారు. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు అమ్మాయిలు మరణించినట్టు బయటికొచ్చాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అభిప్రాయపడింది. కానీ అదే విచారణలో, 2013 నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో మరో నిజం తేలింది. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. వేలిముద్ర వేసినవారికి తాము దేనికి ఒప్పుకుంటున్నారో తెలియదు.

టీకా తప్పు కాకపోయినా, అడిగిన తీరు తప్పయితే నమ్మకం కూలిపోతుంది. ఇప్పుడు అదే హెచ్‌పీవీ టీకా మళ్లీ మన బడుల గుమ్మం ముందుకు వస్తోంది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు దీన్ని ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపగల టీకా అది, మన అమ్మాయిలకు అందాలి. కానీ ఖమ్మంలో వార్డెన్లు పెట్టిన సంతకానికీ, మా బడి బస్సులో ఓ పిల్ల నింపిన ఏడు పత్రాలకూ తేడా ఎంత? మేం ఇది ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు. ఆ కట్ట కట్టింది మేమే.

మన భాషలో అడగడం మన హక్కు

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి చెబుతుందని మనందరికీ తెలుసు. మన బడులు నిలబడింది దాని మీదే. దానితోపాటు భాషా అల్పసంఖ్యాకుల రక్షణ ఏర్పాట్లలో మరో అంశం ఉంది. జిల్లాలో గానీ, అంతకన్నా చిన్న పాలనా ప్రాంతంలో గానీ కనీసం 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను, ప్రకటనలను అనువదించి ప్రచురించాలన్నదే ఆ అంశం. పాఠ్యపుస్తకాల కోసం, ఉపాధ్యాయ పోస్టుల కోసం మనం ఎన్నో అర్జీలు పెట్టాం. బిడ్డ ఒంటికి సంబంధించిన కాగితం కోసం ఒక్క అర్జీ పెట్టామా?

ఇది పెద్ద ఖర్చు కూడా కాదు. ఇవే టీకాలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖలు తెలుగులో సమాచారం ఇస్తాయి. యానాంలో తెలుగు పాలనా వ్యవహారాల్లో చెల్లే భాష, అక్కడివారికి అడగడం ఇంకా తేలిక. హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూర్ వంటి చోట్ల తల్లిదండ్రుల సంఘం ఒక తీర్మానం రాసి జిల్లా ఆరోగ్య అధికారికి ఇవ్వవచ్చు. ప్రభుత్వ భాష పత్రం తీసేయమని మనం అడగడం లేదు. దాని వెనుకవైపు తెలుగు కూడా అచ్చువేయమంటున్నాం.

బడి, ఇల్లు కలిసి

అచ్చు కాగితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మా బడిలో ఈ ఏడాది మేం అనుకున్న పద్ధతి ఇది.

పత్రం ఇంటికి పంపే ముందు ప్రశ్నలన్నీ తెలుగులో నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత నోటుపుస్తకంలో రాయించి పంపుతాం. జవాబు పిల్లలు కాదు, పెద్దలు చెప్పాలి. చదువు రాని ఇళ్లకు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడుగుతాం: ముందు ఏ టీకాకైనా దద్దుర్లు, వాపు, ఊపిరి ఇబ్బంది వచ్చాయా? ఏ మందైనా పడదా? సూదికి ఎప్పుడైనా సొమ్మసిల్లారా? ఇప్పుడు జ్వరం గానీ, వేరే వైద్యం గానీ ఉందా? ఒక్క 'అవును' వచ్చినా ఆ పేరును నర్సమ్మకు ముందే ఇస్తాం.

శిబిరం రోజు పిల్లలు తిని రావాలి. కూర్చోబెట్టే టీకా వేయించాలి. గడియారం చూసి అరగంట ఆపాలి, ఆ అరగంట ఒక టీచరు అక్కడే ఉండాలి. కిట్ తెచ్చారా అని సిబ్బందిని మర్యాదగా అడగాలి. ఏదైనా జరిగితే ఆరోగ్య సిబ్బందికి చెప్పి నమోదు చేయించాలి. వీడియో తీసి గ్రూపులో పెట్టడం నమోదు కిందికి రాదు.

తల్లిదండ్రులు చేయాల్సింది ఇంకా సులువు. టీకా కార్డును, పాత ఆస్పత్రి చీటీలను రేషన్ కార్డు ఉన్న సంచిలోనే పెట్టండి. ఏ మందు పడలేదో దాని పేరు బిడ్డ నోటుపుస్తకం అట్ట లోపల రాయండి. ఊరు మారి పనికి వెళ్లినా ఆ సంచి మీతో వస్తుంది. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టమని మేం చెప్పినా సరే, "ఇందులో ఏముంది టీచరమ్మా, చదివి చెప్పండి" అని అడగండి. చదివి చెప్పడం మా పని.

ఈసారి కట్ట కట్టే ముందు మేం ప్రతి పత్రం చదువుతాం. 'లేదు' అని ఉన్నచోట కూడా ఒకసారి అడుగుతాం.